పర్సిస్ దశమభాగం

అమెరికాలో ట్రాయ్ ఊళ్లోని తెలుగు చర్చికొచ్చే పర్సిస్‌కి తొమ్మిదేళ్లు. అమ్మ వారానికో డాలరిస్తే ఖర్చు పెట్టదు. ఐస్‌క్రీమ్ బండి ఇంటిముందు ఆగినా కిటికీలోంచి చూసి ఊరుకుంటుంది. స్కేట్లు కొనుక్కోవాలని పది వారాలు దాచింది. విడివిడిగా ఉంటే పోతాయని నాన్న దగ్గర పది డాలర్ల నోటుగా మార్చుకుంది. అందులో పదోవంతు దేవుడిదని సండే స్కూల్లో చెప్పారు. ఆ ఆదివారం కానుకల సంచి రాగానే నోటు వేసి, చెయ్యి లోపలే ఉంచి వెతకసాగింది.

"ఏయ్, ఏంటే ఆ పని?" అమ్మ తొడ మీద గిల్లింది.

"గాడ్‌కి వన్ డాలరే కదా మమ్మీ. నైన్ నాకు బ్యాక్ రావాలి."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సంచి పట్టుకున్న సుందర్ రాజ్ అంకుల్ మాత్రం నవ్వలేదు. సంచిని కాస్త కిందికి దించాడు.

"నిదానంగా తీసుకో తల్లీ. వెనకవాళ్లు ఆగుతార్లే."

పర్సిస్ తొమ్మిది ఒక డాలర్ నోట్లు ఏరి, ఒక్కొక్కటీ బైబిల్ మీద పెట్టి మడతలు సాపు చేసుకుంది. కానుకల పాట అయిపోయినా సంచి ఆ వరుస దాటలేదు.