నలుగురికని కుట్టిన గుడారం

లారీలకి టార్పాలిన్లు కుట్టే మనిషి ఆయన. కొలతలు కాగితం మీద రాసుకోవడం ఎరగడు. సరుకుని షెడ్డు నేల మీద పేర్పించి, చుట్టూ సుద్దగీత గీసి, ఆ గీతని బట్టి కత్తెర వేస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన కుట్టిన పట్టా జానెడు కురచైందని వెనక్కొచ్చింది లేదు. మాట మాత్రం ఎప్పుడూ కురచే. ఇంట్లో ఏ సంగతైనా "చూద్దాంలే" దగ్గర ఆగిపోయేది.

భార్య ఫోటో స్టూడియోలో పని చేసేది. "గడ్డం కొంచెం పైకి, నవ్వకండి" అంటూ పాస్‌పోర్టు ఫోటోలు తీసి ఊళ్ళో సగంమందిని దేశాలు దాటించింది. తను మాత్రం సరిహద్దు మొహం చూళ్ళేదు. పక్క దేశంలో కొండల మధ్య ఒక సరస్సుందనీ, దాని ఒడ్డున గుడారం వేసుకుని వారం రోజులుండొచ్చనీ ఎవరో కస్టమరు చెప్పిన నాటినుంచీ ఆవిడకి అదే ధ్యాస. అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాంలే" అనేవాడు.

అలాంటి మనిషి ఈ మధ్య అన్నిటికీ తలూపడం మొదలెట్టాడు.

"ఒడ్డు మీదే వేద్దామా, పైన చెట్లల్లోనా?"

"నీ ఇష్టం."

"రైల్లో పోదామా, బస్సులోనా?"

"నువ్వెలాగంటే అలాగే."

"ఏంటండీ, ఒంట్లో బాగానే ఉందా మీకు?"

బాగోలేనిది ఆవిడకే. కడుపునొప్పని వెళ్తే, పరీక్షలు చేసిన డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచి, వేసవి సెలవుల దాకా ఉండటం కష్టమన్నాడు. ఆవిడతోనూ ఆడపిల్లలిద్దరితోనూ మాత్రం కడుపులో పుండన్నారు, మందులకి మానుతుందన్నారు. చెప్పొద్దని తీర్మానించింది ఆవిడ తమ్ముడు. "అక్క సంతోషంగా ఉండాలి బావా. ప్లాన్లు వేసుకోనీ. ధైర్యమే సగం మందు." ఇలాంటి మాటలు చెప్పేవాళ్ళు చెప్పేసి, ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకుంటారు. ఆ అబద్ధం పక్కన పడుకోవలసినవాడు వేరే ఉంటాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇల్లంతా సెలవుల గురించే మాట్లాడుకుంది.

గుడారం కొననక్కర్లేదు, నేనే కుడతానన్నాడాయన. ఒక ఆదివారం అందర్నీ షెడ్డుకి తీసుకెళ్ళి, కుట్టుమిషన్ పక్కన నేల మీద వరసగా పడుకోమన్నాడు.

"అక్కా, కదలకే! నాన్న మనల్ని సిమెంటు బస్తాలనుకుంటున్నాడు," అంది చిన్నకూతురు.

"నువ్వు బస్తావి కాదులే, చిల్లు సంచివి. నోరే మూతపడదు," అంది పెద్దది.

చివర పడుకున్న తల్లి నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. ఆయన సుద్దతో గీత గీశాడు. ఆవిడ పక్కన భుజం నుంచి కాలిదాకా తిన్నగా గీసేసరికి నడుముకీ గీతకీ మధ్య బోలెడు ఖాళీ కనబడింది. ఎంత చిక్కిపోయిందో ఆయన అప్పుడే చూశాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం డాబా మీద గుడారం నిలబెట్టాడు. కుట్టు దిట్టంగా ఉంది. తాళ్ళు బిగువుగా ఉన్నాయి. పెద్దది దూరింది, చిన్నది దూరింది, ఆయన దూరాడు. ఆఖర్న ఆవిడ వంగి లోపలికొచ్చి పక్కకి ఒరిగితే సగం మనిషి బయటే ఉండిపోయింది.

"నాన్న కొలత తప్పాడోచ్!" అని పిల్లలు గోల పెట్టారు.

"గుడ్డ కొంచెం కురచైనట్టుంది," అన్నాడు. షెడ్డులో అదే పట్టా చుట్టలు చుట్టలుగా పడుందని అందరికీ తెలుసు.

ఆవిడ నవ్వలేదు. కాసేపు గుడారం అంచుని వేళ్ళతో తడిమింది. "కిందకెళ్ళి టీ పెట్టండే ఇద్దరూ," అంది. పిల్లలు దిగాక, "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగింది.

ఆయన అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు. పనిగట్టుకుని తప్పు కొయ్యలేదు. గీత నలుగురికే గీశాడు. కత్తెర పట్టిన చెయ్యి తన లెక్క తను చూసుకుంది. అంతా చెప్పేశాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"మీ తమ్ముడికి. వాళ్ళావిడకి. కింద వాటా వాళ్ళకి... కొంచెం."

"బాగుంది. నేను పోతున్నానని నాకు తప్ప వీధందరికీ తెలుసన్నమాట. నేనిక్కడ వెర్రిదాన్లా రైళ్ళు చూసుకుంటున్నాను."

"నువ్వు సంతోషంగా ఉంటావని..."

"నీ సంతోషం తగలెయ్య! నాకున్నదే నాలుగు రోజులైతే, ఆ నాలుగూ నన్ను చూసుకోనివ్వద్దా?"

"కుట్లు విప్పి ఇంకో పన్నా గుడ్డ కలుపుతాను. సాయంత్రానికి అయిపోతుంది," అన్నాడు. చేతకానిచోట మనిషి చేతనైన పనిలోకి పారిపోతాడు.

"ఏం వద్దు. ఒక్కటి చెప్తా వినండి. నేను పోయాక పిల్లల్ని ఎక్కడికన్నా తీసుకెళ్ళండి. ఆ సరస్సుకి మాత్రం వద్దు."

"అదేంటి? నీకంత ఇష్టమని..."

"అందుకే. నేను లేకుండా మీరు దాన్ని చూడటం నాకిష్టం లేదు. కుళ్ళే అనుకోండి. ఆ సరస్సు నాది."

చచ్చిపోయేవాళ్ళు పెద్దమనసు చేసుకోవాలని బతికుండేవాళ్ళు ఆశిస్తారు. ఆవిడకి ఆ ముచ్చట తీర్చే ఓపిక లేదు. ఆయనకి మాత్రం ఇన్ని వారాల్లో మొదటిసారి భార్యతో మాట్లాడుతున్నట్టనిపించింది.

పిల్లలు టీ తెచ్చారు. "మీరు నోరెత్తకండి, నేను చెప్తాను," అని, ఇద్దర్నీ చెరోపక్కా కూచోబెట్టుకుని ఆవిడే చెప్పింది. పుండు కాదని చెప్పింది. మందులకి తగ్గదని చెప్పింది. పెద్దది తల్లి భుజంలో మొహం దాచుకుంది. చిన్నదానికి అంతా ఒక్కసారి ఎక్కలేదు. తల్లి మొహం వంకా, గుడారం వంకా చూసి అడిగింది.

"అయితే మనం సరస్సుకి వెళ్ళట్లేదా అమ్మా?"

"వెళ్ళట్లేదే," అందావిడ. అప్పుడు ఏడ్చింది.