ఇంటర్వెల్‌కి వచ్చే ప్రేక్షకులు

అమెరికాలో, ఈ క్యారీ ఊళ్ళో మా తెలుగువాళ్ళం శుక్రవారం సాయంత్రాలు హైస్కూల్ ఫుట్‌బాల్‌కి వెళ్ళే తీరు చూసి తీరాల్సిందే. ఆట ఏడింటికైతే మేం ఏడుంపావుకి ఇంట్లో బయల్దేరతాం. మా పిల్లలెవరూ ఆడరు, అందరూ బ్యాండులోనే. బ్యాండు వాళ్ళు మైదానంలోకి దిగి వాయించేది ఆట మధ్య విరామంలో. అంటే మాకు ఇంటర్వెల్లే సినిమా. అది కాగానే "పదండి పదండి, పార్కింగ్‌లో ఇరుక్కుపోతాం" అంటూ, పెళ్లిలో భోజనం కాగానే లేచే చుట్టాల్లా ఒక్క ఊపున దిగిపోతాం. ఎవరు గెలిచారో మాకనవసరం. అసలు మన జట్టువి ఏ రంగు చొక్కాలో మా ఆయన రెండో ఏడాదిదాకా పోల్చుకోలేదు. అవతలి జట్టుకి చప్పట్లు కొట్టేవారు, ఎంత ఉత్సాహంగానో!

మా అమ్మాయికి స్కూల్లో ఇదే ఆఖరి ఏడు. మా ఊళ్ళో జరిగే చివరి ఆటకి బయల్దేరుతుంటే అంది: "అమ్మా, ఈసారి ఎండ్ వరకు ఉండండి, ప్లీజ్. గేమ్ అయ్యాక స్కూల్ సాంగ్ నేను కండక్ట్ చేస్తున్నా. ఫస్ట్ టైమ్. లాస్ట్ టైమ్ కూడా."

"ఉంటామే తల్లీ," అన్నాను. దాని మొహంలో నమ్మకం మాత్రం కనపడలేదు.

విరామం కాగానే మావాళ్ళంతా లేచారు. ఆ రోజు ఒకరింట్లో విందు కూడా ఉంది. "ఇంకా కూర్చున్నరేంది వదినా? బిర్యానీ చల్లారిపోతది!" అంది ఒకావిడ. నేను కదల్లేదు. మా ఆయన వెళ్తున్న బిర్యానీ బృందాన్ని చూసి, నన్ను చూసి, నిట్టూర్చి కూర్చున్నారు.

ఆ ఆట గడియారమంత అబద్ధాలకోరుని నేనెక్కడా చూళ్ళేదు. రెండు నిమిషాలే అంటుంది, ఆగుతుంది, కదుల్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లో నేను కూర, పప్పు, చారు కానిచ్చేదాన్ని. చలికి తట్టుకోలేక కింది వరసల్లోకి, బ్యాండు కూర్చునే చోటికి దగ్గరగా జరిగాం. పక్కనున్న తెల్ల బామ్మగారు అడక్కుండానే తన కంబళి సగం నా ఒళ్ళో వేశారు. మా జట్టు చిత్తుగా ఓడిపోతుంటే ఆవిడ గెలుస్తున్నట్టే కేకలేస్తున్నారు. చూస్తుండగానే మా ఆయన రెఫరీని తిట్టడం మొదలుపెట్టారు, ఒక్క రూలూ తెలీకుండానే.

ఆట అయిపోయింది. ఓడిన పిల్లలు బురద బట్టలతో వచ్చి బ్యాండు ముందు నిలబడ్డారు. మా అమ్మాయి ఎత్తుపీట ఎక్కింది. చేతులెత్తబోతూ ఒక్కసారి తలతిప్పి, గేటు పక్కన మేం ఎప్పుడూ కూర్చునే మూలకి చూసింది. అక్కడ పిట్ట కూడా లేదు. దాని భుజాలు జారిపోయాయి. నేను లేచి నిలబడ్డాను.

"ఒసేయ్, ఇక్కడున్నానే!"

స్టేడియమంతా వినపడి ఉంటుంది. బ్యాండు బ్యాండంతా నావైపు తిరిగింది. మామూలుగా అయితే ఈ పనికి నాతో వారం రోజులు మాట్లాడేది కాదు. అది నన్ను చూసింది, మోచేత్తో మొహం తుడుచుకుని చేతులెత్తింది. అందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని పాడుతున్నారు. నాలుగేళ్ళుగా వస్తున్నాం, ఆ పాటలో మాకు ఒక్క ముక్క రాదు. మా ఆయన బామ్మగారి పెదాలు చూసి నోరు కదిపారు.

కారెక్కాక భయంభయంగా అడిగాను, "పరువు తీశానా?"

"ఇట్స్ ఓకే," అంది కిటికీలోంచి చూస్తూ. సీటు బెల్టు పెట్టుకుంటూ, "గేటు వైపు చూడొద్దు అనుకున్నా అమ్మా. గేమ్ అయ్యేసరికి మీ ప్లేస్ ఎప్పుడూ ఎంప్టీగానే ఉంటుంది కదా," అంది. "అయినా చూసేశా."