రాకాసి గుడికి మైల

నిన్న కడప సభలో ఇద్దరు పండితులు మన గుట్ట మీది రాకాసి గుళ్లు సమాధులా, ఆలయాలా అని గొంతులు చించుకున్నారు. అక్కడి మేకపెంటికల వాసన గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది.

మన ఊరోళ్లారా, మీకూ గుర్తుందా, పూర్వం రాకాసులు కట్టుకొని కాపురమున్నారంటారే, ఆ బండల గదుల గుండ్రటి కంతలోంచి దూరి దాగుడుమూతలు ఆడేవాళ్లం! అప్పట్లో అక్కడ దీపం పెట్టిన మనిషి లేడు. ప్లేగుకు భయపడి అందరం ఊరొదిలి గుట్ట కింద గుడిసెలు వేసుకున్న ఏడు, జడివానలో మాదిగ సుంకమ్మ చంటిబిడ్డతో అందులో తలదాచుకుంది. మా తాత కర్ర పట్టుకొని, నలుగురిని వెంటేసుకొని పోయాడు.

"ఏమే సుంకీ, బయటికి రా! గుడి మైలపడతాండాది."

"రాకాసోళ్లు కాపురముంటే పడని మైల నేనుంటే పడతాదా సామీ? బిడ్డ తడుస్తాది."

బిడ్డతో సహా వానలోకి లాగేశారు. మర్నాడు పసుపునీళ్లు చల్లి, మొట్టమొదటిసారి అక్కడ టెంకాయ కొట్టారు.

పండితులారా, రాసుకోండి. వెళ్లగొట్టడానికి ఒక మనిషి దొరికిన రోజునే అది మావాళ్లకు గుడి అయింది.