ఎర్రచుక్క

ఇంట్లో దొంగలు పడ్డాక చోడవరంలోని మా పెదనాన్న లైసెన్సు తీసుకుని పొట్టి తుపాకీ కొన్నాడు. అప్పట్నుంచీ ఆయన చేతులకి కుదురు లేదు. దానికి ఒక టార్చి బిగించడం, విప్పడం, మరొకటి బిగించడం. ఒకదాని వెలుగు సున్నం గోడకి కొట్టి వెనక్కొచ్చి ఆయన కళ్ళే బైర్లు కమ్మేవి. ఇంకోదాని వెలుగు చాలక మనిషి కంటికి ఆనేవాడు కాదు. గురి కోసం అద్దంలో ఎర్రచుక్క కనిపించే సైటు కూడా పెట్టించాడు.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. పెరట్లో అలికిడైతే తుపాకీ అటు తిప్పి టార్చి నొక్కాడు. వెలుగులో తడిబట్టలతో పెద్దమ్మ నిలబడి ఉంది. చుక్క ఆవిడ బొట్టు మీదే కనిపించిందని తర్వాత నాతో చెప్పాడు.

"నా మొకం సూడ్డానికి తుపాకీ నా మీదకి ఎత్తాలేటి?" అంది పెద్దమ్మ.

ఆ టార్చి ఊడదీసి విడిగా పెట్టుకున్నాడు. ఇప్పుడు పక్కగదిలో ఆవిడ దగ్గినా లేచి నిలబడి "ఎవులదీ?" అంటాడు. "నేనే" అనేదాకా కూర్చోడు.