రాగిణి బేస్‌మెంట్

నేపర్‌విల్‌లో రాగిణి, శశికాంత్ కొన్న ఇల్లు బాగా పాతది. పైన గదులన్నీ ముందున్నవాళ్లు బాగు చేయించుకున్నారు గానీ బేస్‌మెంట్ జోలికి ఎవరూ పోలేదు. గోడలకు ముదురు గోధుమరంగు చెక్క పలకలు, నేలమీద నారింజరంగు కార్పెట్, చెయ్యెత్తితే తగిలే సీలింగ్. మెట్లు దిగితే ఏళ్ల తర్వాత ట్రంకుపెట్టె తెరిచినట్టు ఒక వాసన.

"బయటోళ్లు ఎందుకు? మనమే చేసుకుందాం. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నయ్," అన్నాడు శశికాంత్. ఓ శనివారం హుషారుగా రెండు పలకలు పీకాడు. తర్వాతి వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాడు. ఆ పై వారం నడుం నొప్పన్నాడు. పీకిన పలకలు మెట్ల పక్కనే పడి ఉన్నాయి.

పెళ్లికి ముందు రాగిణి హైదరాబాదులో సైట్ ఇంజనీరు. హెల్మెట్ పెట్టుకుని ఎండలో నిలబడి స్లాబులు పోయించిన మనిషి. భర్త వెంట H-4 అనే డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చాక ఉద్యోగం చేసే వీల్లేదు. శశికాంత్ కంపెనీ గ్రీన్‌కార్డు పని ముందుకు కదిపితే ఆమెకూ అనుమతి వస్తుంది. ఇదిగో కదుపుతున్నాం అని వాళ్లు ఏటా అంటూనే ఉన్నారు. అతను కారు తీసుకుని వెళ్లిపోయాక మిగిలేది ఆమె, కిటికీ, కిటికీ బయట మంచు. ఇద్దరు మనుషులకు వంట ఎంతసేపని చేస్తుంది?

ఒకరోజు పాత చుడీదార్ వేసుకుని, చున్నీ ముక్కుకు కట్టుకుని కిందికి దిగింది. సాయంత్రానికి ఒక్క పలక మిగల్లేదు.

ఆ చలికాలమంతా ఆమె అక్కడే ఉంది. కర్రలతో కొత్త ఫ్రేము కట్టింది. దానిమీద బిగించిన మొదటి జిప్సం బోర్డు వంకరగా వస్తే మేకులు పీకి మళ్లీ బిగించింది. సీలింగ్‌కి బోర్డు ఎక్కించేటప్పుడు దాన్ని నెత్తితో ఆపి, రెండు చేతులా డ్రిల్ పట్టుకుంది. పైకొచ్చేసరికి జుట్టంతా తెల్లటి పొడి. కడుపు నిండా తినేది, పడుకోగానే నిద్రపోయేది.

వసంతం రాగానే శశికాంత్ స్నేహితుల్ని పిలిచాడు. "మొత్తం మేమే చేసుకున్నం," అని తిప్పి చూపించాడు. వాళ్లలో పెద్దావిడ చాముండేశ్వరి రాగిణి చేతులు పట్టుకుని చూసింది. ఇంకా మానని గీతలు.

"చేసింది నువ్వేలే. మా బేస్‌మెంట్ కూడా చేసి పెట్టమ్మా. కాంట్రాక్టరుకిచ్చేదేదో నీకే ఇస్తాం."

మీది ఎన్ని అడుగులుంటుందని అడగబోయింది రాగిణి. ఆమె నోరు తెరిచేలోపే శశికాంత్ నవ్వాడు. "H-4 మీద పైసా తీసుకోవద్దక్కా. రేపు వీసా స్టాంపింగ్‌లో ప్రాబ్లమ్ అయితది."

"అయ్యో, నాకు తట్టలేదమ్మా," అని చాముండేశ్వరి చేతులు వదిలేసింది.

అతనన్నది నిజమే. కోపం తెచ్చుకుందామన్నా ఎవరిమీద తెచ్చుకోవాలో రాగిణికి తెలియలేదు. ఆ తర్వాతి రోజుల్లో ఊరికే కిందికి దిగి సోఫాలో కూర్చునేది. గోడలు నున్నగా, తెల్లగా చుట్టూ నిలబడి ఉండేవి. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వేళ్లతో తడిమేది. దొరికేది కాదు. పైకొచ్చి అన్నం వండేది.

ఒక సాయంత్రం శశికాంత్ ఇంటికి వచ్చేసరికి కిందినుంచి చప్పుడు. పరుగెత్తుకుంటూ దిగాడు. గోడకున్న బోర్డు సగం కోసి ఉంది.

"ఏమైంది రాగిణీ? మంచిగనే ఉండె కదా!"

"తేమ వచ్చింది."

అతను గోడమీద చెయ్యి పెట్టాడు. "పొడిగనే ఉంది."

"లోపలుంది," అంది, అతని వైపు చూడకుండా.

శశికాంత్ ఆమె మొహంలోకి చూశాడు. లాప్‌టాప్ బ్యాగు కింద పెట్టి, ఊడుతున్న బోర్డు రెండో కొస పట్టుకున్నాడు.

"ఇదైపోయినంక?" అని అడిగాడు మెల్లగా.

"పక్క గోడ చూద్దాం," అంది రాగిణి.