కాలువలోంచి వచ్చిన టర్బో

మా బావ పోయాడన్న కబురు నాకు ఎయిర్‌పోర్టు పార్కింగులో, క్యాబ్‌లో కిరాయి కోసం చూస్తుండగా అందింది. ఫోనులో అక్క ఏడవలేదు. "తమ్మీ, మీ బావ లేడురా. దవాఖాన కాడికి రా" అని మాత్రం అంది. పొద్దున్నే షెడ్డు తాళం తీసి, పని చొక్కా తొడుక్కుంటూ అక్కడే కూలిపోయాడట.

చౌటుప్పల్‌లో హైవే పక్కన ఆయన షెడ్డు. డీజిల్ కార్ల టర్బోలు బాగుచేసేవాడు. తెలియనివారికి ఒక మాట: టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే, నత్తగుల్లలాంటి ఇనుప భాగం. లోపల ఒకే షాఫ్టు మీద రెండు చిన్న చక్రాలు కంటికి ఆనని వేగంతో తిరుగుతాయి. చిన్న రాయి ముక్క చాలు, రెక్క విరిగి ముక్కలు ఇంజన్లో పడతాయి. అందుకే ఎవరైనా పాత టర్బో తెస్తే, బిగించడం కన్నా కడగడానికే ఆయనకు ఎక్కువ పొద్దు పట్టేది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా కూర్చునేవాడు కాదు. పెట్రోలును దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఇనుప బ్రష్షు గీతలు పెడుతుందని, పాత పళ్ల బ్రష్షుతో ఒక్కో రెక్కనూ తుడిచేవాడు. గాలి పైపుతో ఊదితే చక్రం గిర్రున తిరుగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఎవరైనా అలా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"ఆయిల్ లేకుండ తిప్పొద్దు. ఎండిన గొంతుతోని మనిషిని ఉరికిచ్చినట్టే" అనేవాడు.

నా కారు టర్బో పాడైనప్పుడు పాత సామాన్ల దుకాణం నుంచి ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టాను. మూతి దగ్గర కట్టిన గుడ్డ విప్పి లోపల వేలు పెట్టాడు. మసి అంటుతుందనుకున్నాను. సన్నని ఒండ్రు అంటింది. మళ్లీ పెడితే నాచు పోగొకటి వచ్చింది. దుకాణం అతనికి తనే ఫోన్ చేశాడు. ఫోను పెట్టేసి నాతో చెప్పాడు. నందికొండ దగ్గర కాలువలో పడ్డ కారుదట. నడుపుతున్న యువకుడు బతకలేదట.

వాపసు ఇచ్చేద్దామన్నాను.

"వాపస్ ఇస్తే ఇంకొకడు కడగకుండనే బిగిస్తడు" అన్నాడు బావ. "షాఫ్టు మంచిగుంటే నేనే కడుగుత. లేకుంటె పలగ్గొడుత."

ఏ భాగం ఎటు తిరిగి ఉందో గుర్తులు పెట్టుకుని విప్పాడు. అదృష్టమో ఏమో, బురద చక్రాల చుట్టూ ఉండే పై గుల్లల్లోనే ఆగింది. ఆయిల్ పోయే దారులు శుభ్రంగా ఉన్నాయి, బేరింగుల మీద గీత లేదు. గుల్లలను ఆరుబయట కిరోసిన్‌లో నానబెట్టి, బీడీ కాల్చేవాళ్లను రోడ్డు అవతలికి పంపాడు. ఒండ్రును మాత్రం పారబోయలేదు, గుడ్డలో కట్టాడు. మరునాడు బస్సెక్కి నందికొండ పోయి కాలువలో కలిపి వచ్చాడని అక్క చెప్పింది.

తిరిగి వచ్చాక బిగించాడు. కొత్త ఆయిల్ పోసి, చక్రాన్ని వేలి కొనతో మెల్లగా తిప్పి, అప్పుడు నన్ను స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. స్టార్ట్ కాగానే యాక్సిలరేటర్ తొక్కొద్దని, జర ఆయిల్ అందనియ్యమని చెప్పాడు.

ఆ బండి నన్ను దారిలో ఎన్నడూ ఆపలేదు. నా ఇల్లు గడిచింది దానితోనే, ఆ పుణ్యం బావదే. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు సన్నని ఈల వస్తుంది. టర్బోకు ఆ చప్పుడు మామూలేనని తెలిసీ, ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూసేవాణ్ని. ఒకసారి బావతో చెప్పుకున్నాను. నవ్వి తీసిపారేస్తాడనుకున్నాను.

"నాకు గూడ ఇనవడ్తది" అన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం దాని ఊసెత్తలేదు.

దినాల నాడు షెడ్డు ముందు టెంటు వేశాం. భోజనాల వేళకు ఒక పెద్దమనిషి బస్సు దిగి వచ్చాడు. మాలో ఎవరికీ ఆయన తెలియదు. నందికొండ నుంచి వచ్చానని, కాలువలో పోయిన పిల్లవాడి తండ్రినని, బావ ఫోనుకు చేస్తే ఎవరో కబురు చెప్పారని అన్నాడు. ఒండ్రు కలపడానికి పోయిన నాడు కాలువ గట్టున బావను చూసి ఎవరని అడిగాడట. బావ ఏదీ దాచకుండా చెప్పాడట. అప్పటి నుంచి వీలున్నప్పుడల్లా వెళ్లి ఆయన దగ్గర కూర్చుని వచ్చేవాడట. మాకెవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

"నా కొడుకు బండి సామాను ఇంకా తిరుగుతాందని చెప్పిండు. చూడొస్తవా అన్నడు. నాతోని కాలేదు" అన్నాడాయన. "ఇయ్యాల చూస్త బిడ్డా" అన్నాడు.

బానెట్ ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆయన లోపలికి చూడలేదు. కళ్లు మూసుకుని, రెండు అరచేతులూ కారు రేకు మీద ఆనించి, తల కొంచెం పక్కకు వంచాడు. ఆపమనలేదు, నేనూ ఆపలేదు. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో, ఇంజన్ చప్పుడులో నాకు వినిపించలేదు.