పై గది కప్పుకి పూచీ ఎవరిది

వీధి చివర ఫ్యాన్లూ, మిక్సీలూ, ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే మెకానిక్‌కి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన షరతులాయన. ఏ వస్తువు బాగుచేసినా, బిగించిన ప్రతి స్క్రూ తల మీదా భార్య గోళ్ళరంగు సీసాలోంచి ఒక ఎర్రచుక్క పెట్టేవాడు. ఆర్నెల్లలోపు చెడిపోతే పైసా అడక్కుండా మళ్ళీ చేసేవాడు. కానీ ఆ చుక్క పగిలి ఉందా, ఇంకెవరో విప్పారన్నమాట. ఇక ఎవరొచ్చి చెప్పినా ససేమిరా. “మేం ముట్టుకోలేదండీ” అంటే వాదనకి దిగేవాడు కాదు. పగిలిన చుక్క చూపించి, చిన్నగా నవ్వి, వస్తువుని బల్ల మీంచి అవతలికి జరిపేవాడు. ఆ నవ్వు చూస్తే వీధిలో సగం మందికి ఒళ్ళు మండేది.

భార్యకీ మండేది, వేరే కారణానికి. ఆవిడ గోళ్ళకి రంగు వేసుకుందామనుకున్నప్పుడల్లా సీసా దుకాణంలో ఉండేది.

అంతటి షరతులాయన అక్క కోసం మేడ మీద గది వేయించాడు. చిన్నప్పుడు ఆయన్ని చంకనేసుకుని తిప్పిన అక్క. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు, ఒకరి ఇంట్లో ఉండటమంటే గిట్టదు. ఆయన ఏళ్ళ తరబడి బతిమాలితే, వేరే పొయ్యి, వేరే తలుపు ఉంటేనే వస్తానని వచ్చింది. గదికి ఇనుప రేకుల కప్పు వేసిన కంపెనీ వాళ్ళు పదేళ్ళ వారంటీ కాగితం చేతిలో పెట్టారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచి, “పదేళ్ళ దాకా చుక్క పడదక్కా, పడితే నన్నడుగు” అని ఛాతీ విరుచుకుని చెప్పాడు.

మొదటి వానాకాలం నిజంగానే పడలేదు. రెండో ఏడు కారడం మొదలైంది. ముందు మంచం పక్కన, తర్వాత మంచం మీద, ఆ తర్వాత ఆవిడ పుస్తకాల మీద. అక్క బకెట్లు సర్దుకుంది, పక్క వీధిలో అద్దెకి ఒక వాటా చూసుకుంది. నెలాఖరుకి వెళ్ళిపోతున్నానని చెప్పింది.

ఆయనకి ఈ రెండేళ్ళూ దుకాణం మూశాక పైకెళ్ళి అక్క ఎదురుగా కూర్చుని, ఆ రోజు ఎవరితో గొడవపడ్డాడో చెప్పి చీవాట్లు తినడం అలవాటైపోయింది. ఆ చీవాట్లు లేని సాయంత్రాన్ని ఊహించుకోలేకపోయాడు. అక్క వెళ్ళకూడదు, అంతే. కవరు తీసి కంపెనీకి ఫోన్ చేశాడు. వస్తువు పట్టుకొచ్చే వైపు నిలబడటం ఆయనకిదే మొదలు.

కప్పు చూడటానికి వచ్చినతను సన్నగా, మర్యాదగా ఉన్నాడు. నిచ్చెనెక్కి కాసేపు అటూ ఇటూ తిరిగి, దిగొచ్చి, కాగితం వెనకవైపు చదివారా అని అడిగాడు. షరతులాయన కాగితాన్ని మొదటిసారి వెనక్కి తిప్పాడు. అప్పుడతను ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. పదేళ్ళనేది రేకుకి. అది తుప్పు పట్టినా, రంగు ఊడినా కంపెనీ మారుస్తుంది. బిగించిన పని వేరే లెక్క, దానికి మేస్త్రీలది మూడేళ్ళ పూచీ. అయితే వాళ్ళు కాకుండా ఇంకెవరైనా రేకుకి బెజ్జం పెడితే రెండూ పోతాయి.

“ఆ అంచున దండెం కొక్కెం ఉంది కదండీ, దాని స్క్రూలు మావి కావు. తడిబట్టల బరువుకి బెజ్జాలు సాగిపోయాయి. ఎవరు పెట్టారండీ?”

మేం ముట్టుకోలేదండీ అన్న మాట షరతులాయన నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్నతను చిన్నగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎక్కడిదో ఆయనకి బాగా తెలుసు.

“నేనేనండీ. అక్క బట్టలకి ఎండ తగలాలని” అన్నాడు.

అతను మనసున్న మనిషే. వారంటీ వర్తించదని చెప్పి ఊరుకోకుండా, కొక్కెం తీసేసి బెజ్జాలు ఎలా మూయాలో, రబ్బరు వాషర్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పి మరీ వెళ్ళాడు. అక్క కళ్ళజోడు పెట్టుకుని, కాగితం వెనకవైపంతా పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చదివింది.

“ఊరందరికీ షరతులు అప్పజెప్పేవాడివి, నీ కాగితం నువ్వు చదవలేదేంరా?”

“పదేళ్ళు అని చూశాక ఇంకేం చదవబుద్ధి కాలేదక్కా. పదేళ్ళూ నువ్విక్కడే ఉంటావు కదా అనుకున్నాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఎండ కాసిన రోజు చూసి ఆయన కప్పెక్కాడు. భార్య కింద నిచ్చెన పట్టుకుని, పడితే తనకి పూచీ లేదని ముందే చెప్పింది. కొక్కెం పీకి, బెజ్జాల మీద రేకు ముక్కలు పరిచి, లప్పం పట్టించి, రబ్బరు వాషర్లతో బిగించి దిగాడు. ఈ కప్పుకి ఇక నుంచి తనే వారంటీ అని అక్కతో అన్నాడు. ఎన్నాళ్ళని ఆవిడ అడిగింది. తనున్నన్నాళ్ళని చెప్పాడు.

“షరతులేమిటో?”

“ఒక్కటే. మనిషి గది మారకూడదు.”

అక్క నవ్వింది గానీ ఔననలేదు. సర్దిన పెట్టెలు తలుపు దగ్గర అలాగే ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం వాన దంచికొట్టింది. ఆయన దుకాణం మూసి తడుస్తూ పైకొచ్చాడు. ఇద్దరూ మెడలు పైకెత్తి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ పడలేదు. ఆయన గర్వంగా వెనక్కి వాలాడు. సరిగ్గా అప్పుడే మోకాలి మీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. ఆయన మొహం చూడాలి, కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. గభాల్న లేచి నిచ్చెన కోసం వానలోకి పరిగెత్తబోతే, అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తెల్లారి చూద్దువుగానిలే అంది. తర్వాత ఫోన్ తీసి, అద్దె వాటా యజమానురాలికి కలిపింది.

“ఆ వాటా ఇంకెవరికైనా ఇచ్చెయ్యండమ్మా. నాకు రావడం కుదరదు. ఇక్కడ మా తమ్ముడి వారంటీ నడుస్తోంది, మధ్యలో వచ్చేస్తే చెల్లదట.”